కలిపే చేతుల ఊరు

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నడిగడ్డలో, గద్వాలా, నీకు పొద్దు పొడవకముందే ఆకలేస్తుంది. కర్నూలు బండికి జనం స్టేషను చేరేలోపే బొరుగులు తడిసి, పిండించుకుని, ఉగ్గాని అయిపోతాయి. పక్క మూకుడులో మిరపకాయ బజ్జీ పొంగుతుంది. బండి చుట్టూ ఒకాయన "ఏమన్నా" అంటాడు, ఒకాయన "ఏమప్పా" అంటాడు, రాయచూరాయన కన్నడంలో ఇంకో బజ్జీ అడుగుతాడు, చిల్లర లెక్క ఉర్దూలో తేలుతుంది. ఇన్ని నోళ్ళకూ ఒకటే పొయ్యి.

నీ చుట్టూ పెద్ద ఊళ్ళే. దక్షిణాన సుమారు 60 కిలోమీటర్లు పోతే కర్నూలు, పడమటికి ఇంచుమించు అంతే దూరం పోతే రాయచూరు. ఉత్తరాన హైదరాబాదు, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నం వేళకు అందే దూరం. పెద్ద డాక్టరు కావాలంటే కర్నూలు, కొలువు కావాలంటే హైదరాబాదు. పెద్ద ఊరి పక్కనున్న చిన్న ఊళ్ళు ఎన్నో రాత్రి పడుకోవడానికి మాత్రమే మిగిలాయి. పగలు వాటి వీధుల్లో కుక్కలూ ముసలివాళ్ళూ తప్ప ఎవరూ ఉండరు. నీకు ఆ గతి పట్టలేదు. నీకు నీ పని ఉంది. కలపడం నీ పని.

గుంట మగ్గంలో కాళ్ళు దించి కూర్చున్న నేతన్నను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. నీ చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. నూలు చెమటను తాగుతుంది, పట్టు వెలుతురును తిప్పికొడుతుంది. రెండిటినీ విడివిడిగా నేసి సూదితో అతికితే పని సులువే. నీ నేతగాళ్ళు ఆ సులువుకు ఒప్పుకోలేదు. ఒంటికి ఒక నాడె, అంచులకు రెండు నాడెలు. అంచు దగ్గర ఎదురుపడ్డ ప్రతిసారీ దారం దారాన్ని మెలేసుకుని వెనక్కి మళ్ళుతుంది. ఒక్క చీరలో ఎన్ని వేలసార్లు మళ్ళుతుందో లెక్కపెట్టే తీరిక మగ్గానికి లేదు. దాన్నే కుట్టు అంటారు. సూది తగలని కుట్టు అది. అగ్గిపెట్టెలో పట్టేంత పలచనని పేరుపడ్డ చీరను, పెళ్ళిపందిట్లో పట్టుచీరల పక్కన తల ఎత్తుకుని నిలబెట్టేది ఆ మెలికే.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో శ్రీవారికి కట్టే ఏరవాడ జోడు పంచెలు నీ మగ్గం మీద పుట్టినవే. నీ సంస్థానం పెట్టిన ఆనవాయితీ అది. 1949లో సంస్థానం పోయింది, పంచెలు పోలేదు. ఇప్పటికీ నేతగాళ్ళు దీక్షపట్టి, నియమంగా ఉండి, నేసి పంపుతారు. ఏడుకొండలవాడు ఎన్ని పట్టుబట్టలు కట్టుకున్నా, ఏడాదికొకసారి నడిగడ్డ నూలు ఆయన ఒంటిని తాకాల్సిందే.

ఊరు దాటి చేలల్లోకి పోతే అక్కడా కలపడమే. వానాకాలం సగం గడిచాక సీడ్ పత్తిలో పని మొదలవుతుంది. సాయంత్రం ఆడ చాళ్ళలో రేపు విచ్చబోయే మొగ్గలను వెతికి పట్టి, పుప్పొడి తిత్తులను గోటితో వలిచేస్తారు. పొద్దున మగ చాళ్ళ పూలు కోసుకొచ్చి, విచ్చిన పువ్వు పువ్వుకూ అద్దుతారు. తేనెటీగలు చేయాల్సిన పనిని ఆడవాళ్ళ వేళ్ళు చేస్తాయి. నీ పల్లెల్లో దీని పేరు క్రాసింగ్. అలా పుట్టిన గింజ సంచుల్లోకెక్కి, నిన్ను ఎన్నడూ చూడని రైతుల చేలల్లో మొలుస్తుంది. ఆ పూలకు బడి మానేసిన పిల్లల వేళ్ళు కూడా తగిలాయి. మొక్క ఎత్తూ పిల్ల ఎత్తూ ఒకటేనని చెప్పి వాళ్ళను చాళ్ళలోకి దించారు. నిన్ను పొగిడేవాడు ఈ మాట మింగేస్తే ఆ పొగడ్తకు విలువ లేదు.

2013లో రాయచూరు పట్టాలు వచ్చి చేరాక నువ్వు జంక్షన్‌వయ్యావు. ఇక ప్లాట్‌ఫాం మీద నీ సందడి చూడాలి! కర్నూలు ఆసుపత్రి నుంచి ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని దిగే తాత. ఆయన కోసం టిఫిన్ డబ్బా తెచ్చి ఎదురుచూసే మనవరాలు. కొలువు పరీక్ష పుస్తకంలో వేలు పెట్టి హైదరాబాదు బండి ఎక్కే పిల్లవాడు. పట్నం షాపులకు చీరల మూట మోసుకెళ్ళే సేటు. నలుగురూ ఒకరినొకరు ఎరుగుదురు. "యాడికి?" అని అడగకుండా ఎవరూ ఎవరినీ రైలెక్కనివ్వరు. పట్నంలో ఆ ప్రశ్న అడిగితే ఎదుటివాడు ముఖం ముడుచుకుంటాడు. నీ దగ్గర అది పలకరింపు.

కర్నూలుతో నీ చుట్టరికం పాతది, చిత్రమైనది. నీ మట్టికోట కట్టించిన సోమనాద్రి కర్నూలు నవాబు మీద కత్తి దూశాడని జనం కథలుగా పాడుకుంటారు. తర్వాత తుంగభద్ర నిజాం రాజ్యానికి పొలిమేర అయింది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు నువ్వు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నావు. 1956లో మీ ఇద్దరిదీ ఒకే రాష్ట్రమైంది, 2014లో మళ్ళీ వేరయింది. వియ్యంకులు మాత్రం ఎన్నడూ ఆ లెక్క చూసుకోలేదు. 2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగినప్పుడు, ఇవతలి ఒడ్డున రాజోలి మగ్గాలూ మునిగాయి. నదికి సరిహద్దు తెలియదు, నీ ఇంటి ఆడపడుచుకూ తెలియదు.

రాజుల కాలంలో పండితులు నిన్ను విద్వద్గద్వాల అన్నారు. ఇప్పుడు ఆ కోటలోనే చెన్నకేశవుడున్నాడు, ఆ కోటలోనే డిగ్రీ కాలేజీ ఉంది. దండం పెట్టుకున్న చేత్తోనే హాల్‌టికెట్టు పట్టుకుని పిల్లలు పరీక్షకు పోతారు. 1896లో నీ నడిగడ్డలోనే సురవరం ప్రతాపరెడ్డి పుట్టాడు. కర్నూలులో చదువుకున్నాడు, మద్రాసు పోయాడు, హైదరాబాదులో 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవులను ఒక్క సంచికలోకి తెచ్చి చూపించాడు. నీ నీళ్ళు తాగినవాడు పట్నం పోయి చేసిన పని కూడా కలపడమే!

నీకు పండగలు తక్కువా? మాఘమాసంలో జమ్మిచేడు జమ్ములమ్మ దగ్గరికి బండ్లు కదిలితే దారంతా పసుపు కుంకుమలే. జూరాల గేట్లెత్తిన రోజున ఊరంతా కృష్ణమ్మను చూడబోతుంది. చూసినవాళ్ళు చూసినట్టే రారు, డ్యాం దగ్గర వేయించిన చేప తినే వస్తారు. హైదరాబాదు కార్లూ అక్కడే ఆగుతాయి. వారమంతా నీ పిల్లల్ని పనికి పిలిపించుకున్న పట్నం, ఆదివారం చేపముక్క కోసం నీ గడప తొక్కుతుంది.

2016లో జిల్లా కేంద్రమయ్యావు. కలెక్టరాఫీసు వచ్చింది, ఆటోలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి. నువ్వు పెద్దదానివి కావొద్దని కోరడం పాపం. పెరుగు తల్లీ, కానీ పలకరించే తీరిక పోగొట్టుకునేంతగా పెరగొద్దు.

స్తుతించినవాడికి అడిగే హక్కుంటుంది కాబట్టి అడుగుతున్నాను. మగ్గం దిగిపోదామనుకునే కొడుకును ఆపేంత కూలి మగ్గానికి దక్కాలి. క్రాసింగ్ రోజుల్లో కూడా బడి గంటకు పిల్లలందరూ బెంచీల మీద ఉండాలి. నీలాగే కనిపించే పవర్‌లూమ్ చీరకు నీ పేరు పెట్టి అమ్మే అంగడి మూతపడాలి.

ఇక ఫలశ్రుతి. ఇది చదివినవారికి మోక్షం వస్తుందని చెప్పలేను. ఒక్క తెలివి మాత్రం వస్తుంది. ఈసారి గద్వాల చీర కొనేటప్పుడు అంచును తిరగేసి, నూలూ పట్టూ కలిసే చోట వేలితో తడిమి చూస్తారు. అక్కడ చేతి కుట్టు తగిలిందా, ఇక బేరమాడరు.