వించ్ బలమంతా బిగింపులోనే

నల్లరేగడిలో జీపు ఇరుసుల దాకా దిగబడితే నలుగురు తోసినా కదలదు. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రం ఇంకా లోపలికి పోతుంది. అలాంటప్పుడు బండి ముందున్న వించ్ (మోటారుతో తాడును డ్రమ్ముకు చుట్టే యంత్రం) తాడును ఓ గట్టి చెట్టుకు తగిలించి స్విచ్ నొక్కితే, బండి తనను తానే లాక్కుంటూ గట్టెక్కుతుంది. చూసేవాళ్ళు మోటారును మెచ్చుకుంటారు. కానీ మోటారు లాగిన లాగుడంతా దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచిన కొన్ని బోల్టుల మీద, ఆ బోల్టులు దిగిన రేకు మీద పడుతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ వించ్ ఏ కంపెనీదని అడిగేముందు బండి కిందికి దూరి ఆ బిగింపు చూస్తాడు.

ఈ విద్యకు మొదటి పాఠం రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులోనే ఉంది. దాని ముందు బంపర్ ఒక ఇనుప చానల్. ఛాసిస్ రెండు పట్టీల కొసలకు ఆసరా ప్లేట్లతో నేరుగా బిగించి ఉండేది. 1947లో మహీంద్రా మన దేశంలో ఆ జీపుల కూర్పు మొదలుపెట్టింది. 1985లో వచ్చిన మారుతి జిప్సీదీ అలాగే రెండు పట్టీల, నిచ్చెనలాంటి ఛాసిసే. అమెరికాలో వార్న్ కంపెనీ 1974లో తెచ్చిన ‘8274’ వించ్ 8,000 పౌండ్లు, అంటే దాదాపు 3,630 కిలోలు లాగేది. 1997లో మలేసియాలో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ 2014లో గోవాకూ వచ్చింది. వానాకాలం బురదలో జరిగే అలాంటి పోటీల్లో వించ్ లేనిదే అడుగు పడదు. బిగింపు నాణ్యత తేలేదీ అక్కడే.

ఇప్పటి బళ్ళ సంగతి వేరు. చాలావాటికి బయట కనిపించేది ప్లాస్టిక్ తొడుగు. దాని వెనక అడ్డపట్టీ, ఆ వెనక పలచటి రేకు పెట్టెలు ఉంటాయి. బండి దేన్నైనా గుద్దితే నలిగిపోయి దెబ్బను మింగడం ఆ పెట్టెల పని. గుద్దినప్పుడు నలగడానికి చేసిన రేకుకు నాలుగు టన్నుల లాగుడు తగిలించడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే.

నాలుగు టన్నులన్నది భయపెట్టడానికి చెప్పే అంకె కాదు. అమెరికా సైన్యం బళ్ళను బయటికి లాగేందుకు వాడే లెక్క ఒకటుంది. చక్రాల మేర దిగబడితే బండి బరువంత, మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు, ఇంకా పైదాకా మునిగితే మూడింతలు బురద పట్టు ఉంటుందని అంచనా. మనుషులు, సామాన్లతో కలిపి రెండు టన్నులు తూగే బండి మడ్‌గార్డుల దాకా దిగితే నాలుగు టన్నులు లాగాలి. మధ్యలో పుల్లీ వేసి కొక్కేన్ని మళ్ళీ బండికే తగిలిస్తే వించ్ మీద రెండు టన్నులే పడుతుంది. కానీ కొక్కెం తగిలించిన చోటు మిగతా రెండు టన్నులు మోయాలి, చెట్టు నాలుగూ మోయాలి. వించ్ కూర్చున్న చోటే కాదు, కొక్కేలూ అంత గట్టివే కావాలి.

తాడు ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది అంతకన్నా పెద్దది, అది కంటికి కనపడదు. వించ్ తాడు బోల్టుల మట్టానికి 15 సెంటీమీటర్లు పైన ఉందనుకోండి. ముందు బోల్టుకూ వెనక బోల్టుకూ మధ్య దూరం 10 సెంటీమీటర్లు. తాడు నాలుగు టన్నులు లాగితే వించ్ ఉన్న బంపర్ ముందుకు పల్టీ కొట్టబోతుంది, వెనక బోల్టులను ఆరు టన్నుల బలంతో పైకి పీకుతుంది. రెండు పక్కలా పంచుకున్నా ఒక్కోదానికి మూడు టన్నులు. తాడు ఏటవాలుగా పోతే ఈ పంపకం కూడా సమానంగా ఉండదు, ఒక పట్టీ మీదే భారమంతా వాలుతుంది. అందుకే తాడు మట్టం వీలైనంత కిందికి దించాలి, బోల్టుల మధ్య దూరం వీలైనంత పెంచాలి. బోల్టు లావు పెంచడం కన్నా ఈ రెండూ ఎక్కువ మేలు చేస్తాయి.

తల మీద 8.8 అని ముద్ర ఉన్న 12 ఎం.ఎం. బోల్టును నిలువుగా పీకి తెంపాలంటే ఆరున్నర టన్నులకు పైనే కావాలి. కాబట్టి మంచి బోల్టు అంత సులువుగా తెగదు. దాని చుట్టూ ఉన్న మూడు ఎం.ఎం. ఛాసిస్ రేకు ముందు లొంగుతుంది. మట్టిగోడకు కొట్టిన మేకును లాగితే మేకు విరగదు, గోడే ఊడి వస్తుంది. బిగింపును బలపరచడమంటే ఆ రేకును ఒంటరిగా వదలకపోవడం.

పెట్టెలాంటి ఛాసిస్ పట్టీకి ఇటు నుంచి అటు దాకా బోల్టు వేసి బిగిస్తే రెండు గోడలూ లోపలికి నొక్కుకుంటాయి. ఎంత తిప్పినా పట్టు దొరకదు, కొన్నాళ్ళకు బోల్టు వదులవుతుంది. దీనికి విరుగుడు మందపాటి పైపు ముక్క, అదే మొదటి జాగ్రత్త. పట్టీ వెడల్పుకు సరిగ్గా కోసి, గోడల్లో దాని లావుకు తగ్గ బెజ్జం చేసి లోపలికి దూర్చాలి. రెండు వైపులా చుట్టూ వెల్డింగ్ పెట్టి, గ్రైండర్‌తో గోడకు సమంగా రుద్దాలి. ఆ పైపులోంచి బోల్టు పోతే బిగింపు ఇనుము మీద ఇనుములా కూర్చుంటుంది, గోడలు నలగవు.

రెండోది ప్లేటు. నట్టు కింద చిన్న వాషర్ సరిపోదు. ఆరు ఎం.ఎం. ప్లేటును పట్టీ పొడవునా వెనక్కి సాగదీసి, రెండు మూడు బోల్టులు ఒకే ప్లేటులో పడేలా చూస్తే భారం విశాలంగా పరుచుకుంటుంది. మూడోది రెండు పట్టీలనూ కలిపే అడ్డకమ్మి. ఏటవాలు లాగుడులో ఒక పట్టీ వంగబోతే రెండోది దాన్ని ఆపుతుంది.

నాలుగోది వెల్డింగ్‌లో సంయమనం. ప్లేటు కొసను నలుచదరంగా కోసి, పట్టీకి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ పెడితే సరిగ్గా ఆ గీత వెంటే పగులు వస్తుంది. వేడి తగిలిన ఇనుము గుణం మారడం ఒక కారణం, గట్టి చోటు అక్కడ హఠాత్తుగా ముగియడం ఇంకో కారణం. అందుకే పాత చేతులు ప్లేటు కొసను కోణంగానో చేపతోకలాగానో కోస్తాయి. పట్టీ పై అంచునూ కింది అంచునూ వెల్డింగ్‌తో ముట్టవు. కొత్త బళ్ళ ఛాసిస్ హైటెన్సైల్ ఇనుముదైతే వేడికి దాని బలమే తగ్గుతుంది కాబట్టి అక్కడ బోల్టులే మేలు. వెల్డింగ్ తప్పదనుకుంటే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, లేకపోతే ఇంజన్ కంప్యూటర్ దెబ్బతినొచ్చు.

పని అయ్యాక టార్క్ రెంచ్‌తో బిగించి, నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తారు. ప్రయాణం తర్వాత ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే నట్టు తిరిగిందని తెలిసిపోతుంది. ఖర్చు లేని ఈ తనిఖీ ప్రతి ప్రయాణం తర్వాతా చెయ్యాలి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఊడిన బిగింపు ప్రాణం తీస్తుంది. బిర్రుగా ఉన్న తాడుకు తగులుకుని గాల్లోకి లేచే ఇనుప ముక్కను ఎవరూ ఆపలేరు. ఎంత గట్టిగా బిగించినా తాడు మీద బరువైన దుప్పటి వెయ్యాలి, చుట్టూ ఎవరినీ నిలబడనివ్వకూడదు, డ్రమ్ము మీద ఇనుప తాడు కనీసం అయిదు చుట్లు మిగలాలి.

చట్టం మాటా మరవకూడదు. బంపర్ ముందు ఇనుప గార్డులు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. పాదచారులకు అవి ప్రమాదం, ఎయిర్‌బ్యాగు సెన్సర్లకూ ఆటంకం. రోడ్డు మీద తిరిగే బండికి ఏ మార్పు చేయించే ముందైనా ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోండి. పోటీలకు, తోటల్లో పనులకు విడిగా ఉంచిన బండికే ఈ పని తగినది.

వించ్ కొనాలనుకునేవారికి చివరిగా ఒక మాట. చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా ప్లేట్లకూ బోల్టులకూ మంచి వెల్డర్ కూలికీ తీసిపెట్టండి, మిగిలినదాంతో వించ్ కొనండి. బిగింపు మోయగలిగినంతే ఆ వించ్ లాగగలిగేది.