బాసింగం కట్టిన రాజులు

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో నందిని దాటి నడిస్తే కల్యాణ మండపం వస్తుంది. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి అది. కుంగిపోయిన మండపాన్ని పురావస్తు శాఖవాళ్లు రాయి రాయిగా విప్పి, పునాదిలో ఇసుక నింపి, మళ్లీ పేర్చారు. ఏళ్లు పట్టింది. 2024 మార్చి 8న, శివరాత్రినాడు, జనానికి తెరిచారు.

ఆ మండపం పేరులోనే పెండ్లి ఉంది. ఇప్పుడు లగ్గం ఖాయమైందంటే చాలు, జంటలు ఖిలా వరంగల్ తోరణాల దగ్గరికో, లక్నవరం వేలాడే వంతెన మీదికో ఫొటోలకు బయల్దేరుతున్నాయి. అద్దె షేర్వాణీ, బరువు లెహంగా. “రాజుల పెండ్లి లెక్కుండాలె” అంటారు. మరి ఇక్కడి రాజులు పెండ్లి ఎందుకు చేసుకున్నారు?

ముందు రాజ్యం కోసం, ఆ తర్వాతే ఇంటి కోసం. కాకతీయ గణపతిదేవుడు దివిసీమను గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను చేసుకున్నాడు. వాళ్ల తోబుట్టువు జాయప ఓరుగల్లు గజసైన్యానికి అధిపతి అయ్యాడు, ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఆ పెండ్లితో ఓరుగల్లుకు అందిన కట్నం ఒక నాట్యశాస్త్రం అన్నమాట. గణపతిదేవుడు తన కూతుళ్లలో రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రునికి, గణపాంబను ధరణికోట బేతరాజుకు ఇచ్చాడు. గోదావరి దిక్కున ఒక అల్లుడు, కృష్ణ దిక్కున ఒక అల్లుడు.

వరంగల్‌ను తర్వాత ఏలిన నిజాంలదీ అదే లెక్క. ఏడో నిజాం ఇద్దరు కొడుకులకు 1931 నవంబర్ 12న ఫ్రాన్సు సముద్రతీరంలోని నీస్ పట్టణంలో నిఖా అయింది. కోడళ్లు టర్కీ ఉస్మానియా వంశపు దుర్రుషెవార్, నీలోఫర్. దుర్రుషెవార్ తండ్రి పదవి పోయి అక్కడ తలదాచుకుంటున్న చివరి ఖలీఫా. సముద్రం ఒడ్డున పెండ్లి అని నేడు మురిసిపోయే ముచ్చటను హైదరాబాద్ సంస్థానం ఆనాడే తీర్చుకుంది.

కోట నుంచి ఇంటికి దిగివచ్చిన ఆచారాలూ ఉన్నాయి. 1840లో విక్టోరియా రాణి తెల్లగౌనుతో పెండ్లి చేసుకుంటే, పడమటి దేశాల పెండ్లికూతుళ్లకు అదే ఆనవాయితీ అయింది. మన దగ్గరా పెండ్లి రంగు తెలుపే: పందిట్లో పట్టుచీరలెన్ని ఉన్నా ముహూర్తానికి పసుపు అంచుల తెల్లబట్టలే, మధుపర్కాలే.

రాజరికమంతా తంతులోనే దాగి ఉంది. పెండ్లికొడుకు వస్తుంటే ఎదుర్కోళ్లు: ఎదురెళ్లి పానకమిచ్చి తీసుకొస్తారు. మామ అల్లుడి కాళ్లు కడుగుతాడు. నుదుట బాసింగం కడితే అదే కిరీటం. ఇద్దరి మధ్య అడ్డుతెర పడుతుంది. నూరిన జీలకర్రలో బెల్లం కలిపి, ముద్దచేసి తమలపాకులో పెడతారు. బెల్లం కరిగి జిగురు పట్టిన ఆ ముద్దలో ఏది జీలకర్రో, ఏది బెల్లమో విడదీయలేం. అయ్యగారు “ముహూర్తం!” అనగానే ఒకరి తల మీద ఒకరు పెడతారు. వేళ్లు వణుకుతాయి, సన్నాయి ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది, తెర దిగుతుంది. పుస్తె, మట్టెలు, తలంబ్రాలు ఆ తర్వాతే.

ఈ వరసంతా ఏటా భద్రాచలంలో సీతారాములకు జరుగుతుంది. అక్కడి తలంబ్రాల్లో గులాలు కలుపుతారు. ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాలు పంపుతుంది. గోల్కొండ ఏలిన తానీషా కాలం నాటి ఆనవాయితీ అంటారు. నవమినాడు కల్యాణం, దశమినాడు పట్టాభిషేకం. మన పిల్లలకు మాత్రం రెండూ ఒక్క బాసింగంతోనే అయిపోతాయి.

అయితే కిరీటం పెట్టుకున్నంత మాత్రాన పెండ్లి మొదలుకాదు. దానికి ముందు ఐరేని కుండలు రావాలి. సున్నం పూసి, రంగులు దిద్దిన కుండల కోసం ఇంటి ఆడవాళ్లంతా డప్పులతో కుమ్మరింటికి పోతారు. కుమ్మరి ఇల్లాలికి బియ్యం, బట్టలు పెట్టి, బొట్టుపెట్టి, కుండలు ఎత్తుకొస్తారు. గణపతిదేవుని పెండ్లిళ్లు రాజ్యానికి రాజ్యాన్ని కలిపాయి. ఈ పెండ్లి ఊళ్లో ఒక గడపను ఇంకో గడపకు కలుపుతుంది. ఫొటోలో తోరణం వెనక ఉన్నా లేకున్నా, కుమ్మరింటి వాకిట్లో డప్పు మోగాకే ఆ ఒక్కరోజు రాజ్యం మొదలవుతుంది.