గుహల్లో ఉన్నదెవరు?

ఆట పుస్తకానికి విమర్శేంటని కొందరు నవ్వొచ్చు. లోకం ఆటల్లోనే అలవాటవుతుందని మేం అనుకుంటున్నాం. అమెరికాలో గ్యారీ గైగాక్స్ 1979లో రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్' చూడండి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బేసిక్ సెట్ పెట్టెలో పెట్టి అమ్మిన సాహసగాథ ఇది.

ఒకపక్క కోట, మరోపక్క గుహలు. కోటలోవాళ్లకి పదవులున్నాయి, చట్టముంది. గుహల్లో ఓర్కులు, గోబ్లిన్లు, కోబోల్డులు. వాళ్ల ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా గదులవారీగా లెక్కగట్టారు. ఆ లెక్కల మధ్యే వాళ్ల నాణేల లెక్క. చంపితే పాయింట్లు, సొత్తు పట్టుకొస్తే ఇంకా ఎక్కువ పాయింట్లు. వాళ్లు చేసిన నేరమేంటి? అక్కడ పుట్టడమే. పుట్టుకే గుణమని నిబంధనలే తేల్చేశాయి. మనువు చెప్పిందీ ఇదే కదా! ఊరికీ వాడకీ మధ్య గీసిన గీత మనం ఎరగనిదా?

పిల్లలు పోరాడరని గైగాక్సే రాశాడు. మరి వాళ్లనేం చెయ్యాలి? పుస్తకం చెప్పదు. ఆ భారం ఆడేవాళ్లది.

2024 నిబంధనల్లో 'రేస్' పోయి 'స్పీసీస్' వచ్చింది. మంచిదే. కానీ 'హరిజన' అన్న పేరు మనకేం ఒరగబెట్టిందో తెలుసు. మారాల్సింది పటం. గుహలో ఉన్నవాళ్లు తమ కథ తామే చెప్పుకునే ఆట రావాలి.