తాకేచోట

తీగ బాగుంటుంది, బ్యాటరీ బాగుంటుంది. రిలేలో కాంటాక్టు కలిసే ఆవగింజంత జాగాలో కంటికానని పొర చేరిందా, కరెంటు పోదు. సిగ్నల్ మెయింటైనర్‌గా నేను నేర్చిన చదువు అదే. బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి సిక్కోలు నుంచి బిలాస్‌పూర్ చేరిన కుటుంబం మాది. ఈ పుస్తకం రాసిన అమ్మాయి మా వెనక లైను క్వార్టర్లలో పెరిగింది. ముందుమాట అడిగితే, "నాది ఐటీఐ చదువు కదమ్మా" అన్నాను. "మీరు తుడిచిపారేసిన పొర గురించే రాశాను, తాతగారూ" అంది.

నిజమే. పల్లేడియం కాంటాక్టుల మీద చేరే గోధుమరంగు పొడి, ఇన్సులేషన్ ఆవిర్లు రాపిడికి గట్టిపడిన కర్బన పదార్థమేనని 1958లో బెల్ ల్యాబ్స్‌లో హెర్మాన్స్, ఈగన్ తేల్చారు. నాకు శత్రువైన ఆ జాతి పొరే ఈమె పుస్తకంలో కూలికి కుదిరింది. 1987లో కొడాక్‌లో టాంగ్, వాన్‌స్లైక్ రెండు కర్బన పొరలు, కలిపి 135 నానోమీటర్లు, పరిచి పది వోల్టుల లోపే వెలుగు తెప్పించారు. పైన మెగ్నీషియం–వెండి మిశ్రమం. ఎలక్ట్రాన్లను సులువుగా వదిలే లోహం కావాలి మరి.

నాకు నచ్చింది లోహమూ పొరా తాకేచోటు గురించిన నాలుగో అధ్యాయం. లోహం శక్తి మట్టం, పొర శక్తి మట్టం పక్కపక్కన గీస్తే ఎలక్ట్రాన్ దాటే లెక్క తేలుతుందని చాలాకాలం అనుకున్నారు. తేలదు. లోహం అంచున ఎలక్ట్రాన్లు కాస్త బయటికి వేలాడుతుంటాయి, జనరల్ బోగీ గుమ్మంలో మనవాళ్లలాగా. అణువు వచ్చి కూర్చోగానే వాటిని లోపలికి నెడుతుంది. ఏ రసాయన బంధమూ అక్కర్లేదు; దేనితోనూ కలవని జెనాన్ కూర్చున్నా ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తి తగ్గుతుంది. బంగారానికి అది సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టులు. కర్బన పొర పడితే ఒక ఎలక్ట్రాన్ వోల్టు దాకా దిగొచ్చు. ఇషీ, సెకీ బృందం 1999లో ఈ సంగతులన్నీ ఒకచోట కూర్చారు. అమ్మాయి వాటిని మన ఇంటి తెలుగులో చెప్పింది.

మూడో అధ్యాయంలో సమీకరణాలు ఎక్కువయ్యాయి, నేను దాటేశాను. మీరూ దాటేయండి, కొంప మునగదు. రిలేల మీద ఒక్క పేజీ కూడా లేకపోవడం మాత్రం నాకు కష్టంగానే ఉంది. రెండో ముద్రణలో చేరుస్తానంది. బొమ్మ గీసుకోవడానికి పాత కాంటాక్టు స్ప్రింగు ఒకటి నా పెట్టెలో ఉంది. ఎలా వచ్చిందని అడక్కూడదు.

బిలాస్‌పూర్
ఒక రైల్వే పెన్షనరు