బాస్మాచీ: పదమా, తీర్పా?

మధ్య ఆసియా తిరుగుబాటుదారులను రష్యన్ భాష ‘బాస్మాచ్’ అన్నది. టర్కిక్ భాషలలో ‘బాస్’ ధాతువునకు నొక్కుట, పైబడుట అని అర్థం. మన ‘ఖజాంచీ’లోని ‘చీ’ ప్రత్యయమే దానికీ చేరినది. అనగా దాడి చేసి దోచువాడు.

1918 ఫిబ్రవరిలో కోకంద్ స్వయంపాలక ప్రభుత్వం కూలద్రోయబడిన పిమ్మట ఫర్గానా లోయలో పోరు చెలరేగినది. 1922లో మరణించిన అన్వర్ పాషాకు, 1931లో పట్టుబడిన ఇబ్రాహీం బేగ్‌కు, పేరులేని రైతుకు సోవియట్ గ్రంథాలు ఈ ఒక్క పేరే అంటగట్టాయి. 1970 నాటి ‘ఎడారిలో తెల్లని సూర్యుడు’ చిత్రం ఆ ముద్రనే బలపరచింది.

ఆ దండులలో దోపిడీగాండ్రు లేకపోలేదు. అయితే నేరాన్ని రుజువు చేయవలసినది సాక్ష్యమే గాని పేరు కాదు. చరిత్రకారునికి ఈ పదం తప్పకపోవచ్చు. అది ప్రత్యర్థి వేసిన ముద్ర అని చెప్పి వాడుటే న్యాయం.