సంఖ్య వేరు, దాని వేషము వేరు

పైథాన్ భాషలో 0.1కి 0.2 కలిపి చూడుడు. 0.30000000000000004 అని జవాబు వచ్చును. విద్యార్థి తెల్లబోవును. అపుడు పెక్కు పాఠములు చెప్పెడి మందు ఒక్కటే: "రౌండ్ చేయుము, సరిపోవును." ఈ మందు రోగమును కప్పునే గాని కుదుర్చదు.

ముందు కారణము చూతము. కంప్యూటరు సంఖ్యలను ద్విసంఖ్యామానములో వ్రాసికొనును. మూడింట ఒక వంతు మనకు 0.333... అని ఎట్లు తెగకుండ సాగునో, పదింట ఒక వంతు దానికి అట్లే తెగదు. కనుక 53 బిట్లలో పట్టినంత ఉంచుకొనును. ఇది యంత్రదోషము కాదు.

రౌండ్ చేసినచో ఆ సంఖ్యకు బదులు వేరొక సంఖ్య వచ్చును. ఫార్మాట్ చేసినచో సంఖ్య చెక్కుచెదరదు. తెరపై చూపుటకు అక్షరముల వరుస మాత్రమే తయారగును. 2.5ను రెండు స్థానములకు రౌండ్ చేసినను 2.5 అనియే కనబడును. 2.50 అని కనబడవలెనన్నచో ఫార్మాట్ చేయవలసినదే. ఇక 10 రూపాయలను ముగ్గురికి పంచి, వాటాను 3.33గా రౌండ్ చేసి, మరల మూడింతలు చేయుడు: 9.99! ఒక పైస మాయమైనది.

పైస పోయిన పోనిమ్మని అనరాదు. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి 1982 జనవరిలో ఒక సూచీని 1000తో ప్రారంభించినది. లెక్కించిన ప్రతిసారి మూడవ దశాంశము తరువాతి భాగమును కోసివేసి, మిగిలినదానితోనే తరువాతి లెక్క చేసిరి. కోత ఎప్పుడును క్రిందికే గనుక నష్టము పేరుకొన్నది. 1983 నవంబరు నాటికి సూచీ 525 దరిదాపునకు దిగినది. సరిచేసి చూడగా ఉండవలసినది 1099 దరిదాపు!

అట్లని ఫార్మాట్ చేసినంత మాత్రమున గండము గడచినదని కాదు. 1992 ఏప్రిల్ 5న జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రమున ఎన్నికలు జరిగినవి. శాసనసభలో స్థానములు పొందుటకు పార్టీకి 5 శాతము ఓట్లు కావలెను. గ్రీన్ పార్టీకి వచ్చినవి 4.97 శాతము. ఒక్క దశాంశ స్థానముతో అచ్చొత్తిన ఫలితములో అది 5.0గా కనబడినది, పార్టీ గట్టెక్కినదనుకొనిరి. అసలు సంఖ్య బయటపడగా ఆ పార్టీకి స్థానములు పోయినవి. సోషల్ డెమోక్రాట్లకు ఒక్క స్థానపు ఆధిక్యము దక్కినది. ఇక్కడ లెక్క తప్పలేదు; వేషమును చూచి సంఖ్య అనుకొనుటయే తప్పు.

రౌండింగ్‌కు తగిన తావు లేకపోలేదు. నియమమే కోరినచోట, లెక్క చివర, ఒక్కసారి చేయవచ్చును. డబ్బు లెక్కలకు పైసలను పూర్ణాంకములుగా ఉంచుకొనుట మేలు. ప్రయోగశాలలో మధ్య మెట్లయందు అంకెలు తెగగోయవద్దని భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు హెచ్చరించుచునే యున్నారు. ఆ హెచ్చరికను కంప్యూటరు పాఠములోనికిని తెచ్చినచో చాలును: లెక్కకు అసలు సంఖ్య, కంటికి ఫార్మాట్, తీర్పుకు మరల అసలు సంఖ్యయే.