బోర్డుకు ఎడమ సగం

దుగ్గిరాలలో మా తరగతి బోర్డు చెక్కది. మూడు నెలలు వాడేసరికి తెల్లబారిపోయి, ముందు వరసలో కూర్చున్నవాళ్లకు కూడా అక్షరం ఆనేది కాదు. అప్పుడొక శనివారం ఒంటిపూట బడి అయ్యాక మాస్టారు నలుగురిని ఆపేవారు. ఇద్దరు కాలవ గట్టుకు పోయి గుంటగలగరాకు కోసుకురావాలి. ఒకడు ఇంటినుంచి పొయ్యిబొగ్గులు, ఇంకొకడు పాత పంచెగుడ్డ తేవాలి. 1976లో ఆరో తరగతిలో చేరిన దగ్గర్నుంచి ఆ నలుగురిలో నేనెప్పుడూ ఉన్నాను.

గుంటగలగరాకు నూరితే రసం మొదట ఆకుపచ్చగానే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. చేతికంటితే రెండు మూడు రోజులు వదలదు. అందులో బొగ్గుపొడి కలపాలి. ఆ పొడిని గుడ్డలో వేసి జల్లించకపోతే పలుకులు మిగిలి, సుద్దముక్క వాటిమీదకు వచ్చినప్పుడల్లా కీచుమంటుంది. గుడ్డ ముంచి, సగం పిండి, పైనుంచి కిందకు ఒక్క ఊపున లాగాలి. మధ్యలో చెయ్యి ఆగితే అక్కడ చార కడుతుంది. తొలిపూత నీడన ఆరాక మలిపూత. సోమవారం పొద్దున ఆ నలుపు మీద మాస్టారు మొదటి గీత గీస్తుంటే నా వీపు నిటారుగా అయ్యేది. ఇన్నేళ్లు రాతపని చేశాను గానీ, చేతులారా చేసిన పని కళ్లముందే అక్కరకొచ్చిన సంతోషం అంత నిండుగా మళ్లీ తెలియలేదు.

బోర్డు పూసినవాడికే ఇంకో పని కూడా ఉండేది. రోజూ తేదీ వేసి, కుడివైపు పైమూలన ‘మొత్తం’, ‘హాజరు’ రాయడం. మా తరగతిలో మొత్తం 48. హాజరు అంకె మాత్రం పొలాన్నిబట్టి కదిలేది. జూన్‌లో కాలవలకు నీళ్లు వదిలే రోజుల్లో 45, 46. ఆగస్టులో నాట్లు ముమ్మరమయ్యేసరికి 36. దసరా ముందు మళ్లీ నిండేది. వరికోతలతో తగ్గేది. 1977 నవంబరు 19 తుపాను తర్వాత బడి తెరిచిన రోజున ఆ మూలన 11 అని రాశాను. గాలికి పడుకున్న వరిని నీళ్లలో కుళ్లకముందే కోసుకోవాలని ఇంటిల్లిపాదీ చేలోనే ఉన్నారు.

అన్నిటికన్నా ఎక్కువకాలం పిల్లల్ని తీసుకుపోయేది పసుపు. మా వైపు వానల ముందర విత్తనం కొమ్ములు నాటితే తవ్వేసరికి ఎనిమిది తొమ్మిది నెలలు. సంక్రాంతి దాటాక తవ్వకం మొదలవుతుంది. తవ్వి, మట్టి దులిపి, దుంపా కొమ్మూ వేరు చేసి, ఉడకబెట్టి, రెండు వారాలు ఎండబెట్టాలి. ఎండిందాన్ని మెరుగుపెట్టాకే మార్కెట్ యార్డుకు తోలతారు. తవ్వేవాళ్ల వెనక ఏరడానికి, కళ్లంలో రాత్రిపూట కప్పి పొద్దున్నే మళ్లీ ఆరబోయడానికి చిన్నచేతులు కావాలి. వరి కోసిన మాగాణుల్లో మినుము పీకుడు కూడా అప్పుడే. ఫిబ్రవరిలో హాజరు ఇరవై ఆరో, ఇరవై ఏడో. తిరిగొచ్చిన పిల్లల వేళ్లు పసుపు పట్టి ఉండేవి. వాళ్లు తిప్పిన పుస్తకం ఏదో అంచులు చూసి చెప్పొచ్చు.

ఆ నెలల్లో మా లెక్కల మాస్టారు చేసిన పని గురించి చెప్పాలనే ఈ వారం కూర్చున్నాను. సంక్రాంతి సెలవులు కాగానే ఆయన బోర్డు మధ్యన నిలువుగా ఒక గీత గీసేవారు. కుడి సగం ఆ రోజు పాఠానికి. ఎడమ సగంలో రానివాళ్లకు తప్పిపోయిన లెక్కల్లో ముఖ్యమైనది ఒకటి, మెట్టు మెట్టుగా, పక్కన చిన్న వివరంతో ఉండేది. దాని కింద ‘చెరపవద్దు’. నాలుగు రోజులకు ఒకడు పొలంనుంచి వస్తే ముందు ఆ సగం ఎక్కించుకోవాలి. అర్థం కాకపోతే పక్కవాడు చెప్పాలి. అందరూ ఎక్కించుకున్నారని తేలాకే అది చెరిగేది. ఎవరినీ గుంజీలు తీయించలేదు, ఎందుకు రాలేదని నలుగురిలో అడగలేదు. అలాగని సరేలెమ్మని ఊరుకోనూలేదు. సాయంత్రం సైకిలేసుకుని పసుపు ఉడికే చోటుకే పోయేవారు. పొయ్యి దగ్గర నిలబడి, “బాబాయ్, వారంలో రెండు రోజులైనా పంపించు” అని అడగడం నేను విన్నాను.

పిల్లలు పనికి పోవడం మంచిదని నేననడం లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కు చేసిన చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కుడిమూల అంకే. అది ముప్పై ఏళ్ల ముందు రావలసిన చట్టం. కానీ చట్టం లేనినాడు, కూలికి పోయిన పిల్లవాడు తిరిగొచ్చేసరికి పాఠం వాడికోసం ఆగి ఉండేటట్టు చూసిన మనిషిని మరిచిపోలేను. ఇప్పుడు మన బడుల్లో తాకితే పలికే పెద్ద తెరలున్నాయి. హాజరు ఫోన్లో వేస్తున్నారు. రెండూ అవసరమే. ఆ తెరమీద, నిన్న రాని పిల్లవాడికి ఒక సగం ఎవరైనా అట్టిపెడుతున్నారా అని మాత్రం బడికి వెళ్లినప్పుడల్లా చూస్తాను.

ఏడో తరగతిలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి ఒకతె ఉండేది. భిన్నాల్లో నాకన్నా చురుకు. 1978 ఫిబ్రవరిలో పసుపు ఏరడానికని ఆగింది. తవ్వకాలు అయిపోయాయి. మిగతా అందరూ వచ్చి ఎక్కించుకున్నారు. మాస్టారు రెండుసార్లు వాళ్లింటికి వెళ్లొచ్చారు. ఏప్రిల్ పరీక్షలప్పుడు కూడా ఎడమ సగం అలాగే ఉంది.

జూన్‌లో మేం ఎనిమిదిలోకి మారాం. పాత గది బోర్డు పూయడానికి మాస్టారు మమ్మల్నే పిలిచారు. కుడి సగం పూసేశాను. ఎడమవైపు సుద్ద మసకబారింది గానీ మెట్లన్నీ చదవొచ్చు, అడుగున ‘చెరపవద్దు’ కూడా. తడిగుడ్డ పట్టుకుని ఆయన వైపు చూశాను. ఆయన కొత్త హాజరుపట్టీలో పేర్లు ఎక్కిస్తున్నారు. తలెత్తి బోర్డు చూశారు. చాలాసేపు చూశారు.

“పూసెయ్‌రా” అన్నారు.